ముందు వెచ్చదనం, తర్వాతే మేత



బల్లి మీద పడితే తలస్నానం చేసే ఊళ్ళు మనవి. అలాంటిది డబ్బు పెట్టి బల్లిని కొనుక్కుని, అది తినడం లేదని ఒక పిల్లవాడు ఏడుస్తున్నాడంటే చాలామందికి నవ్వు వస్తుంది. మేమిద్దరం మాత్రం నవ్వలేకపోయాము.

మా సంఘంలో పెరిగిన ఒక చెల్లెలు భర్తతో, తొమ్మిదేళ్ళ కొడుకుతో ఈమధ్యే అమెరికాలోని డాలస్ వెళ్ళింది. బడి కొత్త, భాష కొత్త, ఆడుకోవడానికి తోడు లేదు. లంచ్ బాక్స్ మూత కూడా తీయకుండా పిల్లవాడు ఇంటికి తెచ్చేస్తున్నాడు. వాడి కోసం లెపర్డ్ గెకో అనే బల్లిని కొన్నారు. ఆరు రోజులైనా అది ఒక్క పురుగును ముట్టలేదు. "అయ్యగారూ, ఇది కూడా పోతే వీణ్ణి ఎలా ఓదార్చాలి? తిరిగి ఇచ్చేద్దామా?" అని ఆ చెల్లెలు వీడియో కాల్‌లో అడిగింది.

తొందరపడవద్దమ్మా అన్నాము. ఆ బల్లి గురించి వాళ్ళతో కలిసి చదవడం మొదలుపెట్టాము. అది మన గోడ బల్లి లాంటిది కాదు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతదేశంలోని ఎండిన రాళ్ళ నేలలు దాని స్వస్థలం. గోడ ఎక్కలేదు. కంటికి రెప్పలు ఉంటాయి. పగలు రాళ్ళ సందుల్లో దాక్కుని, మునిమాపు వేళ మేతకు వస్తుంది. ఒంటి కొవ్వును తోకలో దాచుకుంటుంది. తోక లావుగా ఉన్నంతవరకు కొన్నాళ్ళ పస్తు దానికి ప్రమాదం కాదు.

మా పెరట్లో కోడిపిల్లలను పెంచుతాము గనుక ఒక సంగతి మాకు వెంటనే తట్టింది. చలిపట్టిన పిల్ల నూకల జోలికి పోదు, ముందు బల్బు కిందికి చేరుతుంది. బల్లికి ఈ అవసరం ఇంకా ఎక్కువ. దాని ఒంట్లో సొంత వేడి పుట్టదు, బయటి వేడి లేకపోతే తిన్నది అరగదు. పెట్టెలో నేల మీద థర్మామీటరు పెట్టి చూడమన్నాము. 24 డిగ్రీలు ఉంది. ఒక పక్క అడుగున హీట్ మ్యాట్, దానికి థర్మోస్టాట్ పెట్టి 32 డిగ్రీల దగ్గరకు తెచ్చారు. రెండో పక్క చల్లగానే ఉంచారు. ఏ వేళ ఎక్కడ ఉండాలో అదే చూసుకుంటుంది.

దాక్కోవడానికి మూడు గూళ్ళు పెట్టారు: వెచ్చని పక్క ఒకటి, చల్లని పక్క ఒకటి, కుబుసం విడవడానికి తడి గుడ్డ వేసిన డబ్బా ఒకటి. ఇసుక మింగితే పేగులో అడ్డుపడవచ్చు గనుక ఇసుక తీసి కాగితం పరిచారు. గిన్నెలో రోజూ మంచినీళ్ళు మార్చారు.

మేత విషయం ఇది. బతికి ఉన్న కీచురాళ్ళు, మీల్ వార్మ్‌లు దాని ఆహారం. పురుగు దాని రెండు కళ్ళ మధ్య ఉన్న వెడల్పును మించకూడదు. పురుగులకు ముందురోజు క్యారెట్, ఆకులు మేపి, కాల్షియం పొడి అద్ది సాయంత్రం వేళ వదలాలి. తినని కీచురాళ్ళను రాత్రంతా లోపల ఉంచకూడదు, అవి బల్లినే కొరుకుతాయి.

అన్నిటికంటే కష్టమైన పని పిల్లవాడికి పడింది. వాడు గంటకొకసారి మూత తీసి, చేతిలోకి తీసుకుని, "తిను, తిను" అని బతిమాలుతున్నాడు. ఆ చెయ్యి ప్రేమగలదని బల్లికేం తెలుసు? పైనుంచి దిగేది ఏదైనా దానికి గద్దే. రెండు వారాలు ముట్టుకోవద్దు, పెట్టెకు మూడు వైపులా గుడ్డ కప్పు అని చెప్పాము. "మరి నేనేం చేయాలి అంకుల్?" అన్నాడు. వారానికి ఒకసారి వంటింటి త్రాసులో తూచి నోటుబుక్కులో రాయమన్నాము. బరువు తగ్గుతూ తోక సన్నబడితే, విరేచనాలైతే, ఆగకుండా సరీసృపాలను చూసే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలని తల్లికి చెప్పాము.

పదకొండో రోజు సాయంత్రం, గదిలో ఎవరూ లేనప్పుడు, వదిలిన మూడు పురుగుల్లో రెండు కనబడలేదు.

ఆ చెల్లెలికి ఇంకో మాట కూడా చెప్పాము. బడి నుంచి రాగానే లంచ్ బాక్స్ మూత తీసి చూడడం కొన్నాళ్ళు మానమ్మా అని. కొత్త కోడలిని చుట్టూ చేరి "తినవేమే" అని అడిగితే ఉన్న ఆకలి కూడా పోతుంది గదా.

మీలో ఎవరి పిల్లలైనా ఇది చదివి తోటలో తొండనో, చేలో ఉడుమునో పట్టి తెస్తే దొరికిన చోటే వదిలించండి. ఉడుమును పట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. ఇంట పెంచడానికి ఏ ప్రాణిని తెచ్చినా, దానిని తెచ్చే ముందే దాని చోటు సిద్ధం చేయండి. లెపర్డ్ గెకో పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. అంత కాలం తోడుండవలసిన దానికి మొదటి రెండు వారాలు నెమ్మది ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు.