నాచు పండించు చక్కెర

హైదరాబాదునుండి విజయవాడకు బోవు రాజమార్గమున సుమారు 50 కిలోమీటర్లు కడచిన పిమ్మట, పూర్వము నల్లగొండ జిల్లాలోనిదై 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాకు మారిన చౌటుప్పల్ వచ్చును. ఆ చేరువనే జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థవారి భూగర్భజల పరిశోధన క్షేత్రము గలదు. పగుళ్లువారిన నల్లరాతిలో త్రవ్విన బోరుబావులును, మూసీ కాలువనీటిని నిలిపి భూమిలోనికి ఇంకించు కుంటయు చూడవలెనను కుతూహలముతో నేనచ్చటికి బోతిని.

ఇంకుడు కుంటలకు నాచు శత్రువు. అది అడుగున పొరలుగా పేరుకొని నేలరంధ్రములను మూసివేయును. ఒడ్డున దేలుచున్న పచ్చని తెట్టును చూచుచుండగా, నీలియాకుపచ్చ నాచు అని పిలువబడు సయనోబాక్టీరియా అను బాక్టీరియాల తెగను చక్కెర చేయు పనివాండ్రుగా మలచిన వృత్తాంతము నాకు స్ఫురించినది.

సైనెకోకాకస్ ఎలాంగేటస్ అను అట్టి సూక్ష్మజీవి ఉప్పునీట బడినప్పుడు, ఆ లవణబాధకు దాళుటకై సూర్యరశ్మితో తాను కూర్చుకొన్న కర్బనమును సుక్రోజుగా మార్చి కణములో దాచుకొనును. దాచినది వెలికి రాదు. ఇ. కోలై బాక్టీరియా రకములు కొన్నిటిలో సుక్రోజును బయటినుండి లోనికి దెచ్చుకొను ప్రోటీను ఒకటి యున్నది. 2012లో హార్వర్డునందు డేనియల్ డ్యుకాట్, పమేలా సిల్వర్ మొదలగువారు దాని జన్యువును ఈ జీవిలో జొప్పింపగా, లోపల చక్కెర దట్టముగను, వెలుపలి నీరు క్షారముగను ఉండుటచే, అదే ప్రోటీను ఇచ్చట వ్యతిరేకదిశను నడచి చక్కెరను బయటికి బంపినది! కణములు కూర్చిన కర్బనములో అధికభాగము ఇట్లు నీటిలోనికి వచ్చుటయే గాక, వాని కిరణజన్యసంయోగక్రియ మందగింపక వృద్ధియైనదట. కణములను చంపి, ఎండబెట్టి, నూనె పిండు శ్రమ యిందు లేదు. ఆ తీపినీటిని ఈస్టుతో పులియబెట్టిన ఇథనాలు దొరకును. మనదేశమున పెట్రోలులో గలుపు ఇథనాలునకు చెరకును, నూకలును, మొక్కజొన్నయు వ్యయమగుచున్న తరుణమున ఇది ఆకర్షణీయమే.

కిరణజన్య బాక్టీరియాల పరిచయము మనకు కొత్తగాదు. శాస్త్రజ్ఞులు చింతలపాటి వెంకటరమణ, చింతలపాటి శశికళగారలు హైదరాబాదునందే కూర్చుండి అట్టివానిలో అనేక నూతనజాతులను లోకమునకు ఎరుకపరచిరి.

తిరుగుదారిలో టీకొట్టు కడ ఒక రైతుకీ సంగతి చెప్పగా, ఆయన క్షణమాలోచించి, "గంత చక్కెర బయట వెడితె పురుగు వట్టదా సారూ?" అనెను. ప్రయోగశాలలవారిని వేధించు ప్రశ్నయు నదియే. బెల్లమున్న చోటికి చీమలవలె, తీపినీటిపైకి పరాన్నభుక్కులైన బాక్టీరియాలు మూగి, జీవి చేసినదానిని తామే భుజించును. మూతగల గాజుగొట్టములలో బెంచినచో ఆ బెడదయు, ఆవిరియు తగ్గును గాని, గొట్టముల వెల ఇథనాలు వెలను మించును. ఇచ్చటి ఎండ ఉచితము. బోరునీటిలోని లవణము ఈ పనికి చాలదు గనుక ఉప్పు మాత్రము కొనవలెను. నీటి సంగతియో, మూసీనుండి తెచ్చి చుక్కచుక్కగా రాతిలోనికి ఇంకించుకొను సీమ యిది. అట్టిచోట ఆరుబయట కుంటలలో చక్కెర పండింపవలెనను ప్రణాళికను నేను మాత్రము సమర్థింపజాలను.