కోనేట్లో ఊట

2022లో ఆర్‌బీఐ వడ్డీ పెంచడం మొదలుపెట్టినప్పుడు నేను ఫస్టియర్. వైజాగ్‌లో ఉద్యోగం చేసే మా అన్న మధురవాడలో ఫ్లాట్ చూసుకుని అడ్వాన్స్ ఇవ్వబోతున్నాడు. "ఆగన్నా, వడ్డీ పెరిగితే కొనేవాళ్లు తగ్గుతారు, ధరలు పడతాయి" అన్నాను, అంతా తెలిసినట్టు. అన్న ఆగాడు.

రెపో రేటు 4 శాతం నుంచి 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. 30 లక్షల లోన్, 20 ఏళ్లకి, 7 శాతమైతే ఈఎంఐ సుమారు 23,260. 9 శాతమైతే 26,990. ఇంత తేడా వచ్చినా ఫ్లాట్ ధర దిగలేదు, పైగా పెరిగింది.

సెలవులకు మహానంది వచ్చినప్పుడు అరటితోటలో నాయనకు చెప్పుకున్నా. "వానలు లేకున్నా మన కోనేట్లో నీళ్లు ఎందుకు తగ్గవురా? కింద ఊట ఉండాది" అన్నాడు.

అప్పుడు వెలిగింది. వైజాగ్‌కు ఒకపక్క సముద్రం, ఇంకోపక్క కొండలు. స్థలం పెరగదు. కొనేవాళ్లంతా లోన్ మీదే కొనరు. పొలం అమ్మిన డబ్బు, అమెరికా నుంచి పంపిన డబ్బు, నేవీలోనో పోర్టులోనో రిటైరైతే వచ్చిన డబ్బు, అదీ ఊట. ఉన్న ఇల్లు అమ్మేవాళ్లకూ తొందర లేదు, తగ్గించరు. వడ్డీ పెరిగితే ఆగిపోయేది మా అన్నలాంటి జీతగాళ్లే.

అన్న ఇంకా అద్దింట్లోనే ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మొన్న ఫోన్ చేసి, "ఇప్పుడు కొనమంటావా, ఆగమంటావా?" అని మళ్లీ నన్నే అడిగాడు.

"నాకు తెలీదన్నా" అన్నాను. ఆ మాట అప్పుడే అనాల్సింది.