విల్ ఒక్కటే చాలదు

భిలాయిలో మా తెలుగు పిల్లలు ఇంట్లో శ్రీకాకుళం మాట, వీధిలో హిందీ మాట్లాడుకుని ఇంగ్లీష్ క్లాసుకి వస్తారు. సోవియట్ సాయంతో ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో వీళ్ల తాతలు ఇక్కడికొచ్చారు. 1959 ఫిబ్రవరిలో రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. మనవలకి రేపటి మాట అనగానే హిందీ ‘జావూంగా’ తడుతుంది, నోట ‘ఐ విల్ గో’ వస్తుంది. దేనికైనా విల్లే.

ఇంగ్లీష్ చెప్పే ఈ పనిలో చేరిన కొత్తలో మా సీనియర్ మాస్టారు ఒక కిటుకు చెప్పారు: “టెన్స్ పేరు అడక్కు బాబూ, ఎప్పుడు అనుకున్నాడో అడుగు.” ఇప్పటికీ నా పాఠం అక్కణ్ణుంచే మొదలవుతుంది.

ఒక కుర్రాడు రేపు వైజాగ్ ప్రయాణం అన్నాడనుకోండి. ఎప్పుడో అనుకున్నాడు, ఇంకా ఏర్పాట్లేవీ చేసుకోలేదు: ‘ఐయామ్ గోయింగ్ టు విజిట్ వైజాగ్.’ దుర్గ్‌లో రైలెక్కడానికి టికెట్ తీసేశాడు, అత్తయ్యకి ఫోన్ చేసేశాడు: ‘ఐయామ్ విజిటింగ్ వైజాగ్ టుమారో.’ డ్యూటీ చార్టుకీ రైళ్ల వేళలకీ మామూలు ప్రెజెంటే: ‘మై షిఫ్ట్ స్టార్ట్స్ అట్ టెన్.’

గోయింగ్ టుకి ఇంకో పని ఉంది. దానికి నేను ప్లాంటు ఉదాహరణే ఇస్తాను. క్రేన్ కింద స్లింగు జారుతోంది, లోడు ఒక పక్కకి ఒరిగింది. ‘ఇట్స్ గోయింగ్ టు ఫాల్!’ అని అరవాలి. ఆధారం కళ్లెదుటే ఉంది కదా.

మరి విల్ ఎక్కడ? ఒక సాయంత్రం క్లాసులో కరెంటు పోయింది. ఎప్పుడూ నోరు విప్పని ఓ అమ్మాయి చటుక్కున లేచి ‘ఐల్ గెట్ ఎ క్యాండిల్’ అంది. అప్పటికప్పుడు అనుకున్నది, అప్పటికప్పుడు అన్నది. నెలంతా నేను చెప్పిన సూత్రం ఆ నాలుగు మాటల్లో అందరికీ ఎక్కింది. మాట ఇవ్వడానికీ, మన అంచనా చెప్పడానికీ కూడా విల్లే.

ఇంటర్వ్యూ సాధనలో మంచి మార్కులవాళ్లు కూడా తప్పు చేసే చోటు ఒకటుంది: ‘ఇఫ్ ఐ విల్ గెట్ ద జాబ్.’ తెలివైన పిల్లలు ఇక్కడ తడబడుతుంటే బాధేస్తుంది. రేపటి మాటైనా ‘ఇఫ్ ఐ గెట్’ అనే అనాలి. ‘అయితే’ అనే షరతున్న ముక్కలో విల్ కొట్టేయించండి. రెండో ముక్కలో ఉంచండి.

ఎన్.డి.వి. ప్రసాదరావు గారు సవరించిన రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకంతో పెరిగినవాళ్లం మేము. ‘ఐ షల్’, ‘యూ విల్’ అంటూ వల్లించాం. ఇప్పుడు మాట్లాడే ఇంగ్లీష్‌లో షల్ ఎక్కువగా ‘షల్ ఐ హెల్ప్ యూ?’ లాంటి ప్రశ్నల్లోనే వినిపిస్తుంది. ఆ పుస్తకం ఇచ్చిన క్రమశిక్షణకి మాత్రం రుణపడి ఉన్నాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకి చెప్పేదొకటే: టెన్సుల పట్టిక బోర్డు మీద రాసే ముందు టికెట్టూ, డ్యూటీ చార్టూ పిల్లల చేతికివ్వండి. ఏ రూపం వాడాలో వాళ్లే చెప్తారు.