పికప్పు బేరం

"అడగందే అమ్మయినా పెట్టదు" అన్నారు మన పెద్దలు. అమెరికా వచ్చాక మనం ముందుగా మరిచిపోయే సామెత బహుశా ఇదేనేమో! సుల్తాన్ బజార్లో జాకెట్టు ముక్క దగ్గర అరగంట బేరమాడి, షాపులోంచి నాలుగడుగులు బయటికేసి, వాడు వెనక్కి పిలిచేదాకా తిరిగి చూడని మనవాళ్ళే ఇక్కడ వేల డాలర్ల కారు కొనేటప్పుడు అద్దానికి అతికించిన కాగితం చూసి బుద్ధిగా సంతకం పెట్టేస్తుంటారు. కారణం లేకపోలేదు. ఈ దేశంలో కిరాణా కొట్లోనైనా, బట్టల షాపులోనైనా రాసి ఉన్న ధర ఇచ్చి రావడమే అలవాటైపోయింది. బేరం మిగిలినవి ఇల్లు, కారు లాంటి రెండు మూడు చోట్లే. తీరా అక్కడికి వెళ్ళేసరికి అవతలివాడి ధాటి చూసి మనకి నోరు పెగలదు.

మేము ఉండేది డాలస్ దగ్గర. మా ఆవిడ చేస్తున్న ఐటీ ఉద్యోగం పోయింది. కంపెనీవాళ్ళు చేతిలో పెట్టిన ఆఖరి డబ్బుతో, ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న టిఫిన్ల ట్రైలరు పెడతానంది. ఇడ్లీ, పెసరట్టు, పునుగులు. ట్రైలరు కొన్నాం. పెనం, గ్రైండరు, నీళ్ళ ట్యాంకులు అన్నీ కలిపితే తొమ్మిది వేల పౌన్ల బరువు. దాన్ని వారానికి ఐదు రోజులు లాగాలంటే మా పాత మినీవ్యాన్ చాలదు కదా! అలా మా ఇంట్లోకి కొత్త డీజిల్ పికప్పు మాట వచ్చింది. ట్రక్కు మీద ఎక్కువైన ప్రతి వెయ్యి డాలర్లూ వంటగది అద్దె డబ్బులోంచి పోయేవే. అందుకని ఈసారి గట్టిగా బేరమాడాలనుకున్నాం.

దీనికి మా ఇంట్లో అభ్యంతరం చెప్పింది ఒక్కరే, పదహారేళ్ళ మా అమ్మాయి. "నాన్నా, ప్లీజ్, అక్కడికెళ్ళి బేరాలాడకు. ఇండియన్స్ అంటే చీప్ అనుకుంటారు" అంది. ఆ మాటకి నాకు కోపం రాలేదు. చిన్నప్పుడు మా అమ్మ కూరగాయల బండి దగ్గర గీచి గీచి బేరమాడుతుంటే నేనూ పక్కకి తిరిగి నిలబడేవాణ్ణి. "సరే, బేరం నేనాడతాను. లెక్కలు నువ్వు చూడు" అన్నాను. తను కంప్యూటర్లో ఒక పట్టిక తయారు చేసింది. తర్వాత జరిగిందంతా ఆ పట్టిక చలవే.

ముందు తేల్చుకోవలసింది ధర కాదు, అవసరం. డీజిల్ ఇంజిన్‌కి పెట్రోల్ ఇంజిన్ కన్నా దాదాపు పదివేల డాలర్లు ఎక్కువ. ఆయిల్ మార్చినా, ఫిల్టర్లు మార్చినా ఖర్చు ఎక్కువే. పైగా 2010 నాటి కాలుష్య నిబంధనల తర్వాత వచ్చిన డీజిల్ పికప్పులకి డీఈఎఫ్ అనే ద్రవం కూడా పోస్తుండాలి. అదేమిటా అని చూస్తే, శుద్ధి చేసిన నీళ్ళలో 32.5 శాతం యూరియా! మన ఊళ్ళో వరి చేలకి చల్లే యూరియా ఇక్కడ ట్రక్కుల పొగని కడుగుతోందన్నమాట. ఏడాదికి రెండుసార్లు పడవ లాక్కెళ్ళేవాళ్ళకి ఈ ఖర్చంతా దండగ. రోజూ బరువు లాగేవాళ్ళకి మాత్రం డీజిల్ బలం, మన్నిక పనికొస్తాయి. ఇంకో సంగతి. డీజిల్ ఇంజిన్ స్వతహాగా బరువు కాబట్టి ట్రక్కు పైన మోయగలిగే బరువు ఆ మేరకు తగ్గుతుంది. ట్రైలరు బరువులో పది నుంచి పదిహేను శాతం కొక్కెం మీద పడుతుంది. అంటే మాకు 900 నుంచి 1,350 పౌన్లు. డ్రైవరు తలుపు తీస్తే ఆ ట్రక్కు ఎంత మోయగలదో ఒక స్టిక్కరు మీద రాసి ఉంటుంది. సేల్స్‌మన్ మాట కన్నా దాన్నే నమ్మాలి.

రెండోది, కిటికీ మీది కాగితం. కారు ధర, అందులో ఏమేమి కలిశాయో అద్దం మీద అతికించి తీరాలని 1958లో చట్టం వచ్చింది. దాన్ని తెచ్చిన ఓక్లహోమా సెనేటర్ మైక్ మన్రోనీ పేరు మీద ఇప్పటికీ దాన్ని మన్రోనీ స్టిక్కర్ అంటారు. చట్టం ప్రయాణికుల కార్లకే గానీ పికప్పులకీ కంపెనీలు అలాంటి కాగితమే అతికిస్తాయి. దాని మీద ఉన్నది కంపెనీ సూచించిన ధర మాత్రమే. డీలరు అంతకే అమ్మాలని లేదు. తక్కువకి అమ్మవచ్చు, ఎక్కువకీ అమ్మవచ్చు. 2021, 2022లలో చిప్పులు దొరక్క బళ్ళు కరువైనప్పుడు "మార్కెట్ అడ్జస్ట్‌మెంట్" పేరుతో పైన వేలు వడ్డించిన డీలర్లు చాలామందే. ఇక ఇలాంటి పెద్ద పికప్పుల మీద మైలేజీ ఎంతో కనిపించదు. బరువు సామర్థ్యం 8,500 పౌన్లు దాటిన వాటికి ఆ లేబుల్ అక్కర్లేదు మరి.

ఈ కాగితాలు తీరిగ్గా చదువుకోవడానికి టెక్సస్‌లో ఒక మంచి సదుపాయం ఉంది. ఇక్కడి చట్టం ప్రకారం డీలర్లు శని, ఆదివారాలు రెండు రోజులూ వరసగా అమ్మకూడదు. ఎక్కువమంది ఆదివారమే మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మేం ముగ్గురం అలా లాట్లన్నీ తిరిగి వచ్చాం. వెంటపడేవాళ్ళు లేరు, కాఫీ ఇస్తామనేవాళ్ళు లేరు. మాకు కావలసిన ట్రక్కు ఒకచోట దొరికింది. స్టిక్కరు ధర 71,480 డాలర్లు. దాని పక్కనే డీలరు అతికించిన ఇంకో చిన్న కాగితం. టైర్లలో నైట్రోజన్, తలుపు అంచులకి ప్లాస్టిక్, అద్దాలకి రంగు కాగితం, అన్నీ కలిపి 2,995. మొత్తం 74,475. తలుపు దగ్గరి లేబుల్ మీద ట్రక్కు తయారైన నెల చూశాను. ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చి ఏడు నెలలైంది. చాలామంది డీలర్లు ఈ బళ్ళని అప్పు మీద తెచ్చి పెట్టుకుంటారు, నిలవున్న ప్రతి నెలా వడ్డీ కడతారు. పక్క వరసలో కొత్త సంవత్సరం మోడళ్ళు అప్పటికే దిగాయి. అంటే అమ్ముకోవలసిన తొందర వాళ్ళకీ ఉందన్నమాట.

మూడోది, నాలుగుచోట్ల ధర కనుక్కోవడం. డీలరు కంపెనీకి కట్టే ధరని ఇన్వాయిస్ అంటారు. మేం ఎంచుకున్న ట్రక్కుకి అది సుమారు 67,550 అని తేలింది. అమ్మకం అయ్యాక కంపెనీ డీలరుకి వెనక్కి ఇచ్చే హోల్డ్‌బ్యాక్ అనే సొమ్ము వేరే ఉంటుంది, స్టిక్కరు ధరలో రెండు మూడు శాతం. కాబట్టి ఇన్వాయిస్ కన్నా కాస్త తక్కువకి అమ్మినా వాళ్ళు రోడ్డున పడరు. ఐదుగురు డీలర్లకి ఒకే ఉత్తరం రాశాం: "ఈ ట్రక్కుకి పన్నులు, ఫీజులు అన్నీ విడివిడిగా చూపించి, గేటు దాటేసరికి మొత్తం ఎంతవుతుందో రాసి పంపండి." ఇద్దరు "ఒకసారి రండి, మాట్లాడుకుందాం" అన్నారు. ముగ్గురు లెక్క పంపారు. ట్రక్కు ధర వరకు చూస్తే 69,900, 68,250, 67,700. కంపెనీ ఇచ్చే 1,500 రిబేటు ఎవరి దగ్గర కొన్నా వచ్చేదే కాబట్టి దాన్ని విడిగా ఉంచాం. ఎందుకంటే దాన్నే తమ డిస్కౌంటుగా చూపించేవాళ్ళుంటారు.

నెలాఖరుకి రెండు రోజుల ముందు, మేం చూసిన ట్రక్కు ఉన్న డీలరు దగ్గరికి వెళ్ళాం. సేల్స్‌మన్ కౌబాయ్ బూట్ల పెద్దమనిషి, మర్యాదస్తుడు. ఆయన ఒక కాగితాన్ని నాలుగు గళ్ళుగా గీసి మొదటి ప్రశ్న వేశాడు: "నెలకి ఎంతయితే మీకు వీలుగా ఉంటుంది?" ఈ ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబు చెప్పకండి. 60,000 అప్పుని ఏడు శాతం వడ్డీకి ఐదేళ్ళు కడితే నెలకి 1,188. అదే ఏడేళ్ళు కడితే 906. నెలకి 282 తగ్గిందని సంబరపడతాం. మొత్తం మీద కట్టే వడ్డీ మాత్రం 4,780 డాలర్ల పైచిలుకు ఎక్కువ. నేను "ముందు ట్రక్కు ధర తేలుద్దాం, మిగతావి తర్వాత" అన్నాను. క్రెడిట్ యూనియన్ దగ్గర అప్పు అప్పటికే ఖాయం చేసుకున్నాం గనక ఆ మాట అనే ధైర్యం వచ్చింది.

నేను 65,500 అన్నాను. ఆయన నవ్వి, మేనేజరుని అడిగొస్తానని లోపలికి వెళ్ళి 68,900తో వచ్చాడు. మళ్ళీ వెళ్ళి 67,500తో వచ్చాడు. ప్రింటు తీసిన కాగితం మా ముందు పెట్టాడు. మా అమ్మాయి దాన్ని తన పట్టికతో సరిచూసుకుని, అప్పటిదాకా తలొంచుకు కూర్చున్నదల్లా మెల్లిగా అడిగింది: "ట్రక్కు ధర తగ్గింది గానీ, కింద ఈ 2,995 అలాగే ఉందేమిటి? టైర్లలో నైట్రోజన్‌కి డబ్బా? మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ కదా?" ఆ పెద్దమనిషి నా వంక చూశాడు, దాని వంక చూశాడు, పెద్దగా నవ్వేశాడు. ఆ వరస కొట్టేశాడు.

అయినా 67,500 దగ్గర ఆగిపోయింది. కోపతాపాలేమీ లేకుండా చేతులు కలిపి, నా ఫోను నంబరిచ్చి లేచి వచ్చేశాం. కారెక్కాక మా ఆవిడ "వెనక్కి పిలుస్తాడంటారా?" అంది. "పిలవకపోతే 67,700 వాడున్నాడు" అన్నాను. మర్నాడు సాయంత్రం ఫోనొచ్చింది. 66,400. రిబేటు పోను 64,900.

ఇక పాత వ్యాన్. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్నట్టు, దానికి వాళ్ళు 6,500 ఇస్తామన్నారు. పాత కార్లు కొనే ఇంకో చోట 8,200 రాసిచ్చారు. ఇక్కడ ఒక కిటుకుంది. టెక్సస్‌లో బండి మీద అమ్మకం పన్ను 6.25 శాతం. పాత బండిని అదే డీలరుకి ఇస్తే దాని విలువ తీసేసి మిగిలిన దాని మీదే పన్ను. డీలరు 7,900 దాకా వచ్చాడు. దాని మీద కలిసొచ్చే పన్ను 493.75. అంటే మాకు 8,393.75 వచ్చినట్టే. పైకి తక్కువగా కనిపించినా 8,200 కన్నా అదే మేలని లెక్క తేల్చింది కూడా మా అమ్మాయే.

అంతా అయిపోయిందనుకున్నాక ఫైనాన్స్ గది ఉంటుంది. అలిసిపోయి, తాళాలు ఎప్పుడిస్తారా అని చూస్తున్న సమయంలో పొడిగించిన వారంటీ, రంగుకి పూత, దొంగతనం రక్షణ ఒక్కొక్కటే బయటికొస్తాయి. "నెలకి ఇరవై డాలర్లే" అంటారు. ఏది కొనాలో కొనకూడదో ఎవరి అవసరం వాళ్ళది. కానీ కాగితం మొత్తం చదవకుండా సంతకం పెట్టకండి. మూడు రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చని చాలామంది అనుకుంటారు. షోరూములో కొన్న బండికి అలాంటి ఫెడరల్ నియమం లేదు. డీలర్లు అసలు ధర దాచకుండా చెప్పాలని, పనికిరాని హంగులకి డబ్బు గుంజకూడదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో ఒక నిబంధన ప్రకటించింది గానీ, అమల్లోకి రాకముందే 2025 జనవరిలో అప్పీళ్ళ కోర్టు కొట్టేసింది. కాబట్టి మన జాగ్రత్త మనదే.

ఇంటికొచ్చే దారిలో మా అమ్మాయి అడిగింది: "ఆయన మనల్ని చీప్ అనుకున్నాడంటావా నాన్నా?" ఆయన అలా అనుకున్నట్టు నాకనిపించలేదు. తాళాలిచ్చేటప్పుడు దానికి ప్రత్యేకంగా చెయ్యి కలిపి, "కాలేజీ అయ్యాక ఉద్యోగం కావాలంటే ఇక్కడికి రా" అన్నాడు. వాళ్ళకీ జీతాలున్నాయి, అద్దెలున్నాయి. హోల్డ్‌బ్యాక్‌తోనో, మా వ్యాన్ మళ్ళీ అమ్మితేనో, రేపు సర్వీసింగుతోనో వాళ్ళకి రావలసింది వాళ్ళకొస్తుంది. అమ్మినవాడు మర్నాడు తలుపు తెరవగలిగి, కొన్నవాడు రాత్రి నిద్రపోగలిగితే అదే ధర్మమైన ధర అని దానికి చెప్పాను. అయితే ఇంకో మాట కూడా చెప్పాను. అవతలివాడి దగ్గర తగ్గించడానికి ఏమైనా ఉన్నచోటే బేరమాడాలి. రైతుల సంతలో గోంగూర కట్టలు పెట్టుకుని ఎండలో నిలబడ్డ ముసలావిడ దగ్గర ఇన్వాయిస్సులూ హోల్డ్‌బ్యాకులూ ఉండవు. అక్కడ అడిగినంత ఇచ్చి రావాలి.

ఇప్పుడు మా ట్రైలరు వారానికి ఐదు రోజులూ తిరుగుతోంది. వచ్చేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. మొన్నొకాయన "నాలుగు ప్లేట్లు తీసుకుంటున్నానమ్మా, ఏమైనా తగ్గిస్తారా?" అని అడిగాడు. మా ఆవిడ నవ్వి, అల్లప్పచ్చడి ఇంకో గరిటె ఎక్కువ వేసిందే గానీ ధర మాత్రం తగ్గించలేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మా అమ్మాయి ఆయనకి చిల్లర లెక్కపెట్టి ఇస్తూ, "అడగడం మంచిదే అంకుల్" అంది.