బయటి కరెంటు అయ్యాక

అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో సగం మాటలు శ్రీకాకుళం, విజయనగరం యాసవే. టాటా మెమోరియల్ సెంటర్ నడిపే ఈ ఆసుపత్రి అణుశక్తి శాఖ కిందిది. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఓ నడివయసు ఆవిడ పక్కన కూర్చున్నాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. బయటినుంచి ఇచ్చే రేడియేషన్ 25 సార్లు అయింది, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా ఎక్కించారు. "రక్తం ఆగిపోనాది బాబూ, మరి లోపల కరెంటు ఏటికి?" అంది.

ఆవిడనే లోపలి కరెంటు, అంటే లోపలినుంచి రేడియేషన్ ఇచ్చే బ్రాకీథెరపీ గది అప్పటికి ఖాళీగా ఉంది. భారీ యంత్రాన్ని ఊహించుకుని వెళ్లిన నాకు కాస్త నిరాశే. అసలు సరుకు ఇరిడియం-192, బియ్యపు గింజంత ముక్క, సన్నని తీగ చివర, మందపాటి కవచంలో. ముందు మత్తిచ్చి సన్నటి గొట్టాలను గర్భసంచిలోకి, ముఖద్వారం పక్కలకు అమరుస్తారు. మూత్రాశయం, పురీషనాళం దూరంగా జరిగేలా గాజుగుడ్డ కూరుతారు. స్కాన్ తీసి, ముక్క ఎక్కడెక్కడ ఎన్ని సెకన్లు ఆగాలో ఫిజిసిస్టు లెక్క కడతాడు. ఆపై అందరూ బయటికొచ్చి తలుపు మూస్తారు. తీగ దానంతటదే వెళ్లి, పని ముగించుకుని కవచంలోకి తిరిగొస్తుంది.

కిటుకంతా దూరంలో ఉంది. దూరం రెట్టింపైతే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి గడ్డకు బయటినుంచి ఇవ్వలేనంత మోతాదు లోపలినుంచి ఇవ్వొచ్చు. ఇరిడియం బలం 74 రోజులకు సగమవుతుంది, అదే మోతాదుకు అప్పుడు రెట్టింపు సమయం పడుతుంది. అందుకే కొన్ని నెలలకోసారి ముక్క మారుస్తారు. మునుపు రేడియం వాడిన కాలంలో వైద్యులు చేత్తోనే గొట్టాలు పెట్టేవారు. రోగి రోజుల తరబడి వాటితోనే మంచం మీద ఉండేది, నర్సులకూ కిరణాలు సోకేవి.

రక్తం ఆగడం గడ్డ పోయినట్టు కాదు. అసలు చిక్కు ఇక్కడే. కోతలొచ్చాయనో, కూలి పోతోందనో ఈ దశలో ఊరెళ్లిపోతే చికిత్స సగంలో ఆగినట్టే. బయటిదీ లోపలిదీ కలిపి ఎనిమిది వారాల్లో ముగియాలి. ఈ మాట మొదటిరోజే, ఇంటిమనుషుల ముందే గట్టిగా చెప్పాలని నాకనిపించింది.

ఆవిడ భయం మరొకటి: మనవణ్ని ఎత్తుకోవచ్చా? నిక్షేపంగా. ముక్క వెనక్కి వెళ్లాక ఒంట్లో కిరణాలేమీ మిగలవు. థైరాయిడ్ క్యాన్సర్‌కు మింగించే అయోడిన్-131 సంగతి వేరు, అది ఒంట్లోనే ఉంటుంది గనక కొన్నాళ్లు పసిపిల్లలకు దూరంగా ఉండమంటారు.