హీలోనా, కోనానా?

సెలవులకు హవాయి పెద్ద దీవి అనగానే ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. పిల్లలది కోనా, నాది హీలో. రెండూ ఒకే దీవిలో ఉన్నా వాతావరణంలో పొంతనే లేదు. ఈశాన్య గాలులు మోసుకొచ్చే మబ్బులకి మౌనాకియా, మౌనాలోవా కొండలు అడ్డం. అందుకే తూర్పున హీలోలో ఏడాదికి 120 అంగుళాల పైనే వాన. పడమట కోనాలో ఎండ, నల్లటి లావా రాళ్ళు.

కోనాకి ఒక్కటి ఒప్పుకోవాలి. రాత్రిపూట సముద్రంలో దీపాలు వేస్తే ఆ వెలుగుకి ప్లాంక్టన్ మూగుతుంది. దాన్ని తినడానికి మాంటా రే చేపలు నోరు బార్లా తెరిచి, మనుషుల ముక్కు కిందే పల్టీలు కొడతాయి.

అయినా నా ఓటు హీలోకే. ఊళ్ళోనే రెయిన్‌బో జలపాతం, కాస్త ఉత్తరానికి పోతే 442 అడుగుల అకాకా. కిలవేయా అగ్నిపర్వతం ముప్పావుగంట దూరం. కోనా నుంచైతే రెండు గంటల పైమాటే. సంతలో చేమదుంపలు కూడా దొరుకుతాయి (మా ఆవిడ ఓటు దీంతోనే పడింది).

వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి: హీలోలో దిగి, మాంటాల కోసం ఒక్క రాత్రి కోనాలో ఉంటే సరిపోతుందా?