డల్లాస్ నుంచి వదినకు: చిన్నపిల్లల డాక్టరును వెతికిన వైనం

వదినా,

నువ్వు వాసవీ అమ్మవారి గుళ్ళో చేయించిన పూజ ఫలించింది. అమ్మాయి లేచి తిరుగుతోంది, మనవడు రాత్రంతా మేలుకుని పగలు నిద్రపోతున్నాడు. పథ్యం సంగతులు ఫోన్లో చెబుతాను. రోడ్ల వెడల్పు, కొట్ల గొప్ప ఇక్కడికొచ్చిన వాళ్ళందరూ చెప్పేవే. నేను చూసిన వింత వేరు. నోటితో చెబితే నువ్వు నమ్మవని కాగితం పెట్టి రాస్తున్నాను.

ఈ దేశంలో పసివాణ్ణి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే ముందు రెండు సంగతులు అడుగుతారు. కారులో బిడ్డకు సీటుందా? బిడ్డ డాక్టరెవరు? పుట్టిన మూడో రోజుకూ ఐదో రోజుకూ మధ్య పిల్లల డాక్టరు ఒకసారి చూడాలని ఇక్కడి వైద్యుల సంఘం చెబుతుంది. కామెర్లున్నాయా, బరువు ఎంత తగ్గింది, పాలు సరిగా తాగుతున్నాడా అని చూస్తారు. మంచి పద్ధతే, కాదనను.

అమ్మాయి ఏడో నెలలోనే ఒక డాక్టరమ్మతో మాట్లాడి పెట్టుకుంది. బిడ్డ జనవరిలో పుట్టాడు. జనవరి 1 నుంచి అల్లుడి కంపెనీ ఇన్సూరెన్సు ప్లాను మార్చేసింది. డాక్టరమ్మ ఉంది, క్లినిక్కు ఇంటికి దగ్గరే, కానీ కొత్త కార్డు అక్కడ చెల్లదు. ఇన్సూరెన్సు కంపెనీకీ డాక్టరుకీ రేట్ల మీద ఒప్పందం ఉంటేనే ఆ డాక్టరు ‘నెట్‌వర్కు’లో ఉన్నట్టు. లేకపోతే ఖర్చులో పెద్ద వాటా మనదే. కొన్ని ప్లాన్లలో పైసా కూడా ఇవ్వరు.

పోనీలే, నెట్‌వర్కులో ఉన్నవాళ్ళ జాబితా కంపెనీయే ఇస్తుందిగా అన్నాను నేను. ఇచ్చింది. పేజీల కొద్దీ పేర్లు, ఫోటోలు, చుక్కల మార్కులు. పచ్చి బాలింత బిడ్డను ఒళ్ళో వేసుకుని ఫోన్ల మీద కూర్చుంది. ఒక డాక్టరు ఎప్పుడో రిటైరయ్యాడట. ఒకాయన హ్యూస్టన్ వెళ్ళిపోయాడట. ఇంకొక చోట ‘మీ కంపెనీ కార్డు తీసుకుంటాం, మీ ప్లాను తీసుకోం’ అన్నారు. ఈ మాట నాకు అర్థం కావడానికి అల్లుడు రెండుసార్లు విడమరచాల్సి వచ్చింది: ఒకే కంపెనీకి రకరకాల ప్లాన్లుంటాయి, కార్డు మీద బొమ్మ ఒకటే, కింద చిన్నక్షరాలు వేరు. మరో చోట అన్నీ కుదిరాయి, కొత్త పిల్లల్ని చేర్చుకోవడం మాత్రం లేదు. ఇంకో క్లినిక్కులో ఏప్రిల్లో రమ్మన్నారు. ‘అప్పటికి వాడు బోర్లాపడతాడండీ’ అంది అమ్మాయి. అవతలి పిల్ల నవ్వింది, తేదీ మాత్రం మారలేదు. మధ్యమధ్య ఫోనులో వాయిద్యం వాయిస్తారు చూడు, దానికి మనవడు నిద్రపోవడం నేర్చుకున్నాడు.

మన పెనుగొండలో పిల్లాడికి ఒళ్ళు కాలితే ఏం చేస్తాం? తణుకో పాలకొల్లో బస్సెక్కుతాం. కాంపౌండరు పేరు రాసుకుంటాడు. వంతు వచ్చేదాకా కూర్చుంటాం, ఫీజిచ్చి మందులచీటీతో బయటపడతాం. ఎవరి హస్తవాసి మంచిదని నలుగుర్నీ అడుగుతాం గానీ, ఎవరు మన కార్డు ముట్టుకుంటారని అడగం. ఫీజు ఇవ్వలేనివాళ్ళ సంగతి నువ్వు గుర్తుచేస్తావని తెలుసు. నిజమే, మన సుఖం జేబులో డబ్బున్నవాళ్ళ సుఖమే.

ఇంకో విశేషం విను, మనలాంటి పంతుళ్ళకు నచ్చేది. ఈ కార్డుల వ్యవహారానికి మూలం ఈ డల్లాస్ ఊరేనట. 1929లో ఇక్కడి బేలర్ ఆసుపత్రి బాధ్యత చూస్తున్న జస్టిన్ కింబాల్ అంతకు ముందు ఈ ఊరి బడులన్నిటికీ పెద్ద. చాలీచాలని జీతాల పంతుళ్ళ కష్టం తెలిసినవాడు కాబట్టి, నెలకు 50 సెంట్లు కట్టండి, జబ్బు చేస్తే 21 రోజులు ఆసుపత్రిలో ఉంచుకుంటాం అన్నాడు. అదే పెరిగి బ్లూ క్రాస్ ఇన్సూరెన్సు అయింది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. 1942లో ప్రభుత్వం జీతాలు పెంచకుండా కట్టడి చేస్తే, పనివాళ్ళను నిలుపుకోవడానికి కంపెనీలు జీతం బదులు ఇన్సూరెన్సు ఇవ్వసాగాయి. అప్పుడు పడిన ముడి ఇప్పటికీ వీడలేదు. అందుకే అల్లుడి కంపెనీ ప్లాను మారిస్తే పసివాడి డాక్టరు మారతాడు.

మనకూ ఈ మాటలు కొత్తేం కాదులే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన దగ్గర్నుంచి ‘నెట్‌వర్కు ఆసుపత్రి’ అనే మాట మన పల్లెల్లో కూలి చేసుకునేవాళ్ళకూ తెలుసు. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు ఆపిన రోజులూ చూశాం. అయినా అక్కడ ఆరోగ్యమిత్ర అని ఒక మనిషి బల్ల వేసుకుని కూర్చుంటాడు. వెళ్ళి అడగొచ్చు, నిలదీయొచ్చు. ఇక్కడ నిలదీయడానికి ఎదురుగా మనిషి లేడు. ఎనిమిది అంకెలు నొక్కాక మనిషి గొంతు వినిపిస్తే అదే పండగ.

ఇది మా ఒక్క ఇంటి గోలేమో అనుకున్నాను. కాదట. 2023లో సెనేట్ ఆర్థిక సంఘం సిబ్బంది, ముసలివాళ్ళ ఇన్సూరెన్సు జాబితాల్లో ఉన్న మానసిక వైద్యుల కోసం 120 ఫోన్లు చేసి చూశారు. అపాయింటుమెంటు దొరికింది నూటికి 18 సార్లే. అలాంటి జాబితాలను వీళ్ళు దయ్యాల నెట్‌వర్కు అంటారు. జాబితాను 90 రోజులకోసారి సరిచూసుకోవాలని 2022 నుంచి చట్టముంది. చట్టమున్నా దయ్యాలు పోలేదు.

చివరికి ఒక డాక్టరు దొరికాడు, అరగంట కారు దూరంలో. అక్కడ జబ్బు పిల్లలకొక గది, బాగున్న పిల్లలకొక గది. ఇది మనవాళ్ళు నేర్చుకోవాల్సిందే. ఆయన తొందరపడకుండా చూశాడు, అమ్మాయి అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాడు. 2010లో వచ్చిన చట్టం వల్ల, నెట్‌వర్కు డాక్టరైతే ఇలాంటి మామూలు పరీక్షకు మనం కట్టేదేమీ లేదు. మరి కొన్నాళ్ళకు ఇంటికి ఒక కాగితం వచ్చింది. నిండా డాలర్ల లెక్క, పైన పెద్దక్షరాలతో ‘ఇది బిల్లు కాదు’ అని. బిల్లు కానిదాన్ని పోస్టులో ఎందుకు పంపుతారో అల్లుడు కూడా చెప్పలేకపోయాడు.

ఉగాదికి న్యూజెర్సీలో మీ కోడలు పురుడు కదా. మీ చిన్నబ్బాయికి ఇవాళే ఫోన్ చేసి చెప్పు. ఇన్సూరెన్సు జాబితా నమ్మొద్దు, క్లినిక్కుకే ఫోన్ చేసి ప్లాను పూర్తి పేరు చదివి వినిపించమను. కొత్త పిల్లల్ని చేర్చుకుంటున్నారా అని విడిగా అడగమను. ఎవరు మాట్లాడారో, ఏ తేదీనో రాసుకోమను. జాబితా పేజీని ఫోటో తీసి దాచమను. జాబితా తప్పని తేలితే నెట్‌వర్కు రేటే కడతామని చట్టం చూపించి అడగొచ్చు. బిడ్డ పుట్టిన 30 రోజుల్లోపు పేరు ప్లానులో చేర్పించాలి, బారసాల హడావిడిలో ఆ గడువు దాటనివ్వొద్దని గట్టిగా చెప్పు.